నవ్వితే కనిపించే చిన్న లోపం: బాండింగ్ గురించి మీరడిగినవి

పుచ్చు పళ్ళ గురించి పోయిన సంచికలో రాశాక, ముందు పళ్ళ సంగతి కూడా రాయమని చాలామంది అడిగారు. మూల విరిగిన పన్ను, పళ్ళ మధ్య సందు, పోని మచ్చలు, వీటికి బాండింగ్ (పంటి రంగు పేస్టుని పంటికి అతికించి గట్టిపరచడం) చేయించుకోవచ్చా అన్నదే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, ఊళ్ళ పేర్లు మాత్రం ఉంచి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 24 ఏళ్ళు. చిన్నప్పుడు బోరింగు దగ్గర జారిపడి ముందు పన్ను మూల విరిగింది. నొప్పి లేదు, చల్లటి నీళ్ళు తాగినా ఏమీ అనిపించదు. ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు గానీ వచ్చే నెలలో పెళ్ళి, ఫొటోల్లో అదే కనిపిస్తుందేమోనని టెన్షన్. ఒక డాక్టర్ రెండు ముందు పళ్ళకీ క్యాప్‌లు వేద్దామన్నారు, ఇంకొకరు బాండింగ్ చాలన్నారు. బాండింగ్‌లో పంటికి యాసిడ్ రాస్తారట, నిజమేనా? – ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బాండింగ్ చాలు. క్యాప్ వేయాలంటే పన్నుని చుట్టూ అరగదీయాలి. విరిగింది మూల మాత్రమే అయినప్పుడు అంత పన్ను పోగొట్టుకోవడం ఎందుకు? జత కలవడం కోసమని పక్కనున్న శుభ్రమైన పన్నుని కూడా అరగదీయడం మరీ అన్యాయం. ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, ఒకసారి పోయిందంటే మళ్ళీ పుట్టదు. పైగా 24 ఏళ్ళకి వేయించుకున్న క్యాప్ జీవితాంతం ఉండదు, మధ్యలో ఒకటి రెండుసార్లు మార్చాలి, మార్చినప్పుడల్లా లోపలి పన్ను ఇంకాస్త తగ్గుతుంది. క్యాప్ చెడ్డదని కాదు, సగానికి సగం విరిగిన పంటికో, రూట్ కెనాల్ అయి బలహీనపడిన పంటికో అది అవసరమే. మీకు అవసరం లేదు.

యాసిడ్ మాట నిజమే, భయం మాత్రం అక్కర్లేదు. అది సుమారు 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న జెల్, చాలావరకు నీలం రంగులో ఉంటుంది. ఎనామిల్ మీద 15 నుంచి 30 సెకన్లు ఉంచి నీళ్ళతో కడిగేస్తారు. ఆరబెట్టగానే ఆ చోటు మెరుపు పోయి సుద్ద రాసినట్టు తెల్లగా కనిపిస్తుంది, అంటే కంటికి కనపడనంత సన్నని రంధ్రాలు పడ్డాయన్నమాట. తర్వాత రాసే పల్చటి ద్రవం ఆ రంధ్రాల్లోకి దిగి, నీలి కాంతి తగలగానే గట్టిపడి అక్కడే బిగుసుకుపోతుంది. ఇనుముకి పెయింటు బాగా పట్టడానికి ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ వాడతారని తెలిసి, పంటి మీద కూడా ప్రయత్నించి చూసినవాడు మైఖేల్ బ్యూనోకోర్ అనే అమెరికన్ డెంటిస్టు. ఆ ఫలితాలు 1955లో అచ్చయ్యాయి. మరికొన్నేళ్ళకి రాఫెల్ బోవెన్ ఇప్పుడు బాండింగ్‌లో పెట్టే పంటి రంగు పేస్టుని, అంటే రెజిన్‌ని తయారుచేశాడు. మీ విరిగిన పంటి మూల పని ఇవాళ ఒక్క సిట్టింగ్‌లో అయిపోతోందంటే ఆ ఇద్దరి పుణ్యమే.

కుర్చీలో కూర్చున్నాక ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది కాబట్టి అదీ రాస్తాను. మత్తు ఇంజెక్షన్ సాధారణంగా ఉండదు. పన్నుని శుభ్రం చేసి రంగు చూస్తారు. రంగు చూడటం మొదట్లోనే, పన్ను తడిగా ఉన్నప్పుడే జరగాలి, ఎందుకంటే నోరు తెరిచి పది నిమిషాలు ఉంటే పన్ను ఆరిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు రంగు ఎంచితే ఇంటికెళ్ళాక అతికిన ముక్క వేరుగా తెలుస్తుంది. కొంచెం పేస్టుని ఊరికే పంటి మీద పెట్టి, లైటు వేసి, రంగు కలిసిందో లేదో మీకు అద్దంలో చూపించి తీసేయమనండి, మంచి డాక్టరైతే అడక్కముందే చేస్తారు. ఆ తర్వాత ఉమ్మి తగలకుండా రబ్బరు షీటో దూదో పెడతారు. ఇక్కడ మాత్రం డాక్టర్ ఎంత నిదానంగా చేస్తే అంత మంచిది, యాసిడ్ కడిగిన పంటి మీద ఒక్క చుక్క ఉమ్మి పడితే పట్టు పోతుంది. త్వరగా ఊడిపోయే బాండింగుల్లో చాలావాటికి కారణం ఇదే. పేస్టుని రెండు మిల్లీమీటర్లకి మించకుండా పొరలు పొరలుగా పెడుతూ ఒక్కో పొరకి సుమారు 20 సెకన్లు లైటు వేస్తారు, ఆరెంజి రంగు అద్దం అడ్డం పెట్టేది ఆ నీలి కాంతి కళ్ళకి మంచిది కాదనే. చివర్లో రంగు కాగితం కొరికించి, ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసి, అరగదీసి మెరుపు తెప్పిస్తారు. ఒక పంటికి అరగంట నుంచి గంట.

పెళ్ళి వచ్చే నెల అంటున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. పళ్ళు తెల్లబరిపించుకునే (బ్లీచింగ్) ఆలోచన ఉంటే అది ముందు చేయించుకుని, కనీసం రెండు వారాలు ఆగి, అప్పుడు బాండింగ్‌కి వెళ్ళండి. బ్లీచింగ్ తర్వాత కొన్నాళ్ళు పంటిలో మిగిలే ఆక్సిజన్ బాండింగ్ పట్టుని తగ్గిస్తుంది. పైగా బాండింగ్ ముక్క బ్లీచింగ్‌కి తెల్లబడదు, ముందు అతికించి తర్వాత తెల్లబరిస్తే పన్ను ఒక రంగు, మూల ఒక రంగు అవుతుంది. పెళ్ళికి వారం పది రోజుల ముందే పని ముగించండి, మూల ఎక్కడైనా నాలుకకి గరుకుగా తగిలితే సరిచేయించుకునే వ్యవధి ఉంటుంది. మొదటి రెండు రోజులు కాఫీ, టీ, పసుపు ఎక్కువగా ఉన్న కూరలు తగ్గించండి.

ప్రశ్న: మేడమ్, నేను టైలర్‌ని. 18 ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. పై ముందు పళ్ళలో ఒకదాని అంచున చిన్న గంటు పడింది, ఈమధ్య పెద్దదవుతోంది. రెండుసార్లు సిమెంట్ పెట్టించాను, రెండుసార్లూ ఊడిపోయింది. ఇంకా ఖరీదైన బాండింగ్ చేయిస్తే నిలుస్తుందా? – మచిలీపట్నం

జవాబు: ఎంత ఖరీదైనది పెట్టించినా నిలవదమ్మా, దారం పళ్ళతో కొరకడం మానేదాకా.

అద్దం దగ్గరికెళ్ళి ఒకసారి పరీక్షగా చూడండి. గంటు పడిన చోట దారం ఆనించి చూస్తే సరిగ్గా అందులో కూర్చుంటుంది. కింది పంటి అంచు కూడా అక్కడే కొంచెం అరిగి ఉంటుంది. కుట్టు అయిపోగానే బట్టని పళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, తల కాస్త పక్కకి వంచి పుటుక్కున తెంపడం, గుండుసూదులు పెదాల మధ్య, పళ్ళ మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి గుచ్చడం చేతికి అలవాటైపోయిన పనులు, మీకు తెలియకుండానే రోజుకి వందల సార్లు అదే చోట రాపిడి జరుగుతుంది. పాలిస్టర్ దారం నూలు దారం కంటే గట్టిది. మనిషి ఒంట్లో ఎనామిల్‌ని మించిన గట్టి పదార్థం లేదు, దానికే అది గంటు పెట్టిందంటే అంతకంటే మెత్తనైన రెజిన్ ముక్క ఎన్నాళ్ళు ఆగుతుంది?

కాబట్టి ముందు మిషను పక్కన చిన్న దారం కత్తెర కట్టి పెట్టుకోండి, మెడలో తాడుకి వేసుకున్నా సరే. గుండుసూదులకి మణికట్టుకి కట్టుకునే దిండు దొరుకుతుంది, లేదంటే పాత గుడ్డలతో మీరే కుట్టుకోగలరు. రెండు మూడు నెలలు పళ్ళు వాడకుండా పని చేయడం అలవాటయ్యాక బాండింగ్‌కి వెళ్ళండి. గంటు ఎనామిల్ కింది పసుపు పొర దాకా వెళ్ళి పన్ను జివ్వుమంటుంటే మాత్రం అన్నాళ్ళు ఆగొద్దు. డాక్టర్‌కి మీ వృత్తి ఏమిటో తప్పకుండా చెప్పండి. గంటులో పేస్టు నింపేసి ఊరుకోకుండా పంటి ముందు వైపుకీ వెనక వైపుకీ కొంచెం పాకించి పెడితే పట్టు ఎక్కువ దొరుకుతుంది. కింది పన్ను ఎక్కడ తగులుతోందో చూసి మరీ పెడతారు.

క్లిప్పులు, హెయిర్‌పిన్నులు పళ్ళతో తెరిచేవాళ్ళకీ, సోడా మూతలు, పాల ప్యాకెట్లు పళ్ళతో లాగేవాళ్ళకీ, గోళ్ళు కొరికేవాళ్ళకీ కూడా ఈ జవాబే వర్తిస్తుంది. రాత్రి నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉంటే ఇంట్లోవాళ్ళని అడిగి తెలుసుకోండి, దానికి రాత్రిపూట పెట్టుకునే తొడుగు ఉంటుంది, అది లేకుండా ముందు పళ్ళ అంచులకి బాండింగ్ చేయించుకోవద్దు.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు, తెల్ల చారలు. ఇంటర్వ్యూలకి వెళ్తే నోరు విప్పాలంటే సిగ్గు. నిమ్మకాయ, ఉప్పు, బొగ్గుపొడి అన్నీ రుద్దాను, పోలేదు. ఇవి కనపడకుండా బాండింగ్ చేస్తారా? – 22 ఏళ్ళ యువకుడు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రుద్దడం ఆపేయండి. ఆ మచ్చలు పైన పట్టిన మురికి కాదు, మీరు శుభ్రంగా తోమకపోవడం వల్ల వచ్చినవి అంతకంటే కాదు, సిగ్గుపడాల్సిన తప్పు మీలో ఏమీ లేదు. శాశ్వత పళ్ళు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగితే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. అలా గుల్లగా మిగిలిన పొర తర్వాత రంగు పీల్చుకుని గోధుమ రంగుకి తిరుగుతుంది. నిమ్మరసం మిగిలిన మంచి ఎనామిల్‌ని కరిగిస్తుంది, బొగ్గు, ఉప్పు గీతలు పెడతాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే రుద్దితే మచ్చలతో పాటు జివ్వుమనడం కూడా మొదలవుతుంది.

తెలుగు నేల మీద ఇది పాత బాధ. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు) ఉందని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. మీ నల్గొండ పేరైతే నీటిలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే పెట్టారు, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ని అడుగుకి దించే నల్గొండ టెక్నిక్‌ని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో రూపొందించింది. ఇన్నేళ్ళయినా అక్కడి కుర్రాళ్ళు ఇంటర్వ్యూలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాల్సి రావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక వైద్యం. మొదటి రోజే బాండింగ్ అనకండి, తేలికైన పద్ధతులు ముందు చూడాలి. మచ్చ పైపొరలోనే ఉంటే మైక్రోఅబ్రేజన్ అని, హైడ్రోక్లోరిక్ యాసిడ్, సన్నని రాతిపొడి కలిపిన పేస్టుతో డాక్టర్ జాగ్రత్తగా పైపొరని మిల్లీమీటరులో పదో వంతో, పదింట రెండు వంతులో తీస్తారు. చాలామందికి గోధుమ రంగు దీనితోనే బాగా తగ్గుతుంది. (ఇంట్లో బాత్రూమ్ యాసిడ్‌తో ప్రయత్నించడం లాంటివి దయచేసి చేయొద్దు, నోరు కాలిపోతుంది.) తర్వాత బ్లీచింగ్ చేస్తే తెల్ల చారలకీ చుట్టూ ఉన్న పంటికీ తేడా తగ్గుతుంది. తెల్ల మచ్చల్లోకి పల్చటి రెజిన్‌ని ఇంకించే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ అయ్యాక కూడా మిగిలిన మచ్చలకీ, గుంటలు పడిన చోట్లకీ బాండింగ్. పంటి ముందు భాగమంతా రెజిన్ పొర కప్పాల్సి వస్తే అదీ చేస్తారు, కాకపోతే ముదురు మచ్చ కింది నుంచి కనపడకుండా ముందు కాంతిని ఆపే పొర ఒకటి వేయాలి, దానికి చెయ్యి తిరిగిన డాక్టర్ కావాలి. ఫ్లోరోసిస్ పంటికి మామూలు పంటికి పట్టినట్టు యాసిడ్ పట్టదు, ఎక్కువసేపు ఉంచడమో పైపొర కొంచెం గీయడమో చేయాలి. మీ జిల్లా వాళ్ళకి చేసి చేసి ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్తే మంచిదనేది అందుకే.

మీ ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే వాళ్ళ నీళ్ళ సంగతి చూడండి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. నల్లా ద్వారా వచ్చే నది నీళ్ళు ఉంటే వంటకి కూడా అవే వాడండి, అన్నం, పప్పు బోరు నీళ్ళతో వండితే లోపలికి వెళ్ళేది వెళ్తూనే ఉంటుంది.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. సైకిల్ మీంచి పడి పై ముందు పన్ను మూడో వంతు విరిగింది. ముక్క దొరికింది, కాగితంలో చుట్టి దాచాను. పెద్దయ్యాక చేయిద్దాం అంటున్నారు మా అత్తగారు. వాడి రెండు ముందు పళ్ళ మధ్య సందు కూడా ఉంది, రెండూ ఒకేసారి సరిచేయించవచ్చా? – నంద్యాల

జవాబు: పెద్దయ్యేదాకా ఆగొద్దమ్మా, ఈ పత్రిక పక్కన పెట్టి ఇవాళే తీసుకెళ్ళండి. తొమ్మిదేళ్ళ వయసులో ముందు పంటి వేరు పూర్తిగా ఏర్పడి ఉండదు, లోపలి గుజ్జు (నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) బతికి ఉంటేనే వేరు పెరిగి గట్టిపడుతుంది. విరిగిన చోట ఎర్రటి చుక్క కనిపించినా, రక్తం వచ్చినా మరీ తొందర. గుజ్జు కనపడకపోయినా, పసుపు పొర బయటపడి ఉంటే క్రిములు లోపలికి చేరే దారి తెరిచినట్టే. ఎక్స్‌రే తీసి, పన్ను కదులుతోందేమో చూసి, విరిగిన చోటుని కప్పుతారు.

ముక్కని కాగితంలోంచి తీసి నీళ్ళలోనో పాలలోనో వేసి తీసుకెళ్ళండి. అతుక్కునేలా ఉంటే అదే ముక్కని బాండింగ్‌తో అతికిస్తారు, సొంత పంటిని మించిన రంగు ఎక్కడ దొరుకుతుంది? ఎండిన ముక్క మొదట్లో తెల్లగా కనిపిస్తుంది, తడి తగిలాక చాలావరకు రంగు కలుస్తుంది. ముక్క పనికిరాకపోతే రెజిన్‌తో కడతారు. ఈ వయసులో క్యాప్, వెనీర్ (పంటి ముందు వైపు అతికించే పల్చటి రేకు) మాట ఎవరన్నా ఎత్తితే ఒప్పుకోవద్దు, పిల్లల పళ్ళలో గుజ్జు పెద్దదిగా ఉంటుంది, అరగదీస్తే దానికి తగిలే ప్రమాదం. తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా తీసుకెళ్ళి చూపించండి, దెబ్బ తగిలిన పన్ను నెలల తర్వాత కూడా రంగు మారొచ్చు.

సందు జోలికి ఇప్పుడు పోవద్దు. ఏడు నుంచి పన్నెండేళ్ళ మధ్య చాలామంది పిల్లల ముందు పళ్ళ మధ్య సందు ఉంటుంది, కోరపళ్ళు దిగాక చాలావరకు దానంతటదే మూసుకుంటుంది.

పిల్లలున్న ఇళ్ళలో అందరికీ తెలియాల్సింది ఇంకొకటి. శాశ్వత పన్ను మొత్తం ఊడి కింద పడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే ఒక్క క్షణం కడిగి, ఊడిన గుంటలోనే తిరిగి పెట్టేయండి. భయమేస్తే చల్లటి పాలలో వేసి అరగంటలో, మహా అయితే గంటలోపు డెంటిస్టు దగ్గర ఉండాలి. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు.

ప్రశ్న: ఎంతవుతుంది, ఎన్నేళ్ళు ఉంటుంది? నాకు కిళ్ళీ అలవాటుంది. – తణుకు

జవాబు: ఒక పంటికి మన పట్టణాల్లో సాధారణంగా వెయ్యిన్నర నుంచి నాలుగైదు వేలు, నగరాల్లో పెద్ద క్లినిక్కుల్లో ఇంకా ఎక్కువ. చిన్న మూల ముక్క జాగ్రత్తగా వాడుకుంటే ఐదు నుంచి ఏడేళ్ళు, కొందరికి పదేళ్ళ దాకా కూడా. చిగురు దగ్గర అడ్డంగా గట్టిగా తోమి అరగదీసుకున్న గంటుల్లో పెట్టింది అంత నిలవదు, అక్కడ ఎనామిల్ పల్చన. కిళ్ళీ, జర్దా, గుట్కా మానకపోతే ఆరు నెలల్లో అంచు చుట్టూ ఎర్రటి గీత పడుతుంది, పాలిష్ చేయిస్తే పోతుంది, మళ్ళీ పడుతుంది. ఆ డబ్బుతో ముందు గార తీయించుకుని, నోట్లో తెల్ల మచ్చలేవైనా ఉన్నాయేమో చూపించుకోండి, జర్దా, గుట్కా వేసేవాళ్ళ విషయంలో నాకు ముందు పళ్ళ కంటే అదే పెద్ద ఆందోళన.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ చాలా ఖరీదని డిసెంబర్‌లో మూడు వారాలు హైదరాబాద్ వచ్చినప్పుడు ముందు పళ్ళ మధ్య సందు మూయించుకోవాలని ప్లాన్. వయసు 43. సందు నాలుగేళ్ళ క్రితం వరకు లేదు, మెల్లగా పెరిగింది. ఫోన్‌లో మాట్లాడిన క్లినిక్ వాళ్ళు ఎనిమిది పళ్ళకి వెనీర్లు వేస్తే హీరోయిన్ నవ్వు వస్తుందంటున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఒక్క వాక్యం, "నాలుగేళ్ళ క్రితం వరకు లేదు" అన్నది. చిన్నప్పటి నుంచి ఉన్న సందు వేరు, నలభైల్లో కొత్తగా వచ్చిన సందు వేరు. పన్ను జరుగుతోందంటే దాన్ని పట్టుకున్న ఎముక తగ్గుతోందేమోనని మొదట అనుమానించాలి, అంటే చిగుళ్ళ జబ్బు. తోమేటప్పుడు రక్తం, నోటి వాసన, చిగురు వేరు వైపుకి జారి పన్ను పొడుగ్గా కనిపించడం లాంటివి ఉన్నాయా? షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు? షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. ఈ పరీక్షలు అక్కడే, బయల్దేరకముందే చేయించుకోండి. చిగుళ్ళు కుదుటపడకుండా సందు పూడిస్తే గోడ బీటకి కారణం చూడకుండా సున్నం కొట్టినట్టే, పన్ను ఇంకా జరుగుతుంది, పక్కన ఇంకో సందు తెరుచుకుంటుంది.

చిగుళ్ళు బాగున్నాయని తేలితే, సందు ఒకటి రెండు మిల్లీమీటర్లయితే రెండు పళ్ళకీ లోపలి పక్కన సమంగా రెజిన్ చేర్చి ఒక్క పూటలో మూసేయవచ్చు. పెద్దదైతే పళ్ళు మరీ వెడల్పుగా కనిపిస్తాయి, అప్పుడు క్లిప్పులతో దగ్గరికి తేవడమే సరైన దారి, అది సెలవుల్లో అయ్యే పని కాదు. ఎనిమిది వెనీర్ల మాట వినొద్దనే నా సలహా. సందు ఉన్నది రెండు పళ్ళ మధ్య, మిగతా ఆరు పళ్ళు ఏం చేశాయి? పింగాణీ వెనీర్ బాండింగ్ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, మరకలూ పట్టవు, నిజమే. కానీ చాలా సందర్భాల్లో దానికోసం ఎనామిల్‌ని అర మిల్లీమీటరు అటూ ఇటూ తీయాలి, తీసింది తిరిగి రాదు, ఎప్పటికీ ఏదో ఒక వెనీర్ ఉండాల్సిందే. బాండింగ్ నచ్చకపోతే తీసి మళ్ళీ చేయవచ్చు, పన్ను దాదాపు ఉన్నట్టే ఉంటుంది.

వస్తే మొదటి వారంలోనే చేయించుకోండి, చాలామంది షాపింగులు, చుట్టాల ఇళ్ళు అన్నీ అయ్యాక విమానం ఎక్కే ముందురోజు వస్తారు. ఫ్లాస్ సాఫీగా దిగుతోందా, చిగురు మీద రెజిన్ అంచు నొక్కుతోందా అన్నది రెండు రోజులు వాడి చూస్తేనే తెలుస్తుంది. ఏ కంపెనీ మెటీరియల్, ఏ షేడ్ వాడారో రాయించుకుని తీసుకెళ్ళండి, అక్కడ మూల చిట్లితే ఆ డాక్టర్‌కి పని తేలికవుతుంది.

ప్రశ్న: పదేళ్ళ క్రితం బండి మీంచి పడ్డాను. అప్పుడు పన్ను విరగలేదు గానీ ఇప్పుడు ఆ ఒక్క పన్ను బూడిద రంగుకి మారింది. పైన బాండింగ్ వేస్తే కనపడదు కదా? – హనుమకొండ

జవాబు: ముందు ఎక్స్‌రే. ఒక్క పన్నే అలా నల్లబడిందంటే లోపల గుజ్జు చచ్చిపోయి ఉండే అవకాశం ఎక్కువ, నొప్పి లేకపోయినా వేరు కొసన చీము గూడు కట్టి ఉండొచ్చు. అలా తేలితే రూట్ కెనాల్ చేసి, పన్నుని లోపలి నుంచి తెల్లబరుస్తారు, చాలాసార్లు దానితోనే రంగు దగ్గరికి వస్తుంది. నలుపు మీద పల్చటి రెజిన్ వేస్తే నీడ పైకి తేలుతుంది, మందంగా వేస్తే పన్ను ఉబ్బెత్తుగా ఉంటుంది. బాండింగ్ అవసరమైతే ఇవన్నీ అయ్యాక, తెల్లబరిచాక రెండు వారాలు ఆగి.

ప్రశ్న: మా వైపు సంతలో పళ్ళు కట్టే ఆయన ఒకడు ఐదొందలకే సందు పూడుస్తానంటున్నాడు. పెద్ద డాక్టర్ల దగ్గరికి వెళ్ళే స్తోమత లేదు. – రాయచోటి

జవాబు: వద్దండీ. సంతల్లో వాడేది చాలావరకు కట్టుడు పళ్ళకి వాడే అక్రిలిక్, పొడి, ద్రవం కలిపి చిగురుకి ఆనించి ముద్దగా పెట్టేస్తారు. అది పంటికి పట్టదు, పక్క పళ్ళకి చుట్టి ఆపుతారు, కింద అన్నం మెతుకులు చేరి చిగురు కుళ్ళి, బాగున్న పళ్ళు కూడా కదలడం మొదలవుతుంది. అలా పోయిన పళ్ళు చాలా చూశాను.

తక్కువ ఖర్చులో సరైన వైద్యం మీకు దగ్గర్లోనే ఉంది. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అలాగే విజయవాడలో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో కూడా ఉన్నాయి. ఓపీ చీటీ తీసుకుని కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ విభాగం ఎక్కడని అడగండి, ముందు పళ్ళ బాండింగ్ చేసేది వాళ్ళే. పీజీ విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్లు దగ్గరుండి చూస్తారు, కాబట్టి టైమ్ ఎక్కువ పడుతుంది, రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు. పొద్దున్నే వెళ్ళండి, షుగర్, బీపీ మందులు వాడుతుంటే ఆ చీటీలు వెంట తీసుకెళ్ళండి. ప్రైవేటు క్లినిక్‌కే వెళ్ళదలిస్తే బోర్డు మీద బీడీఎస్ లేదా ఎండీఎస్, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూసి లోపలికి అడుగుపెట్టండి, లేకపోతే నంబరు అడగండి.